నిండు గుమ్మడికాయ, రెండేళ్ల పిల్ల, మా అత్తయ్యగారు

అక్టోబరు వచ్చిందంటే షికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఫోన్లన్నీ నారింజ రంగుకు తిరుగుతాయి. గుమ్మడికాయల మధ్య పిల్లను కూర్చోబెట్టి ఫోటో తీయకపోతే పెంపకంలోనే ఏదో లోటు చేసినట్టు లెక్క. ఈ ఏడు మేమూ ఒక గుమ్మడి తోటకు బయల్దేరాం. రెండేళ్ల చిన్ని, మా ఆయన, నేను, తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్యగారు.

మాకు అది షికారు. అత్తయ్యగారికి మాత్రం పొలం. కారు దిగుతూనే తీగల వైపు నడిచారు. లేత ఆకు దొరికితే పప్పులో వేద్దామని ఆవిడ ఆశ. అప్పటికే మంచు పడి ఆకులన్నీ మాడిపోయాయి, తీగలు ఎండు తాళ్ళలా నేలకు అంటుకుపోయి ఉన్నాయి. సరేనని ఒక కాయను పక్కకు దొర్లించి, నేలకు ఆనినచోట పాలిపోయిన మచ్చను చూశారు. తొడిమ మీది గరుకును తడిమారు. గోటితో తొక్క నొక్కి, వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, "ఉత్త పీచు. పులుసుకు పనికిరాదు" అని తేల్చేశారు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ తోటల్లో అమ్మే పెద్ద కాయలు చాలావరకు హాలోవీన్ పండుగకు కళ్ళూ ముక్కూ చెక్కడానికే పెంచే రకాలు. తొక్క నునుపుగా ఉండాలి, తొడిమ బలంగా ఉండాలి, కాయ నిలబడాలి. రుచి గురించి ఎవరూ అడగరు. తినే గుమ్మడి వేరు. ఇదే ఇల్లినాయ్‌లో పియోరియా దగ్గర మోర్టన్ అనే ఊరుంది, డబ్బాల్లో అమ్మే గుమ్మడి గుజ్జుకు పేరు. 1978లో రాష్ట్ర గవర్నరే దాన్ని ప్రపంచ గుమ్మడి రాజధానిగా ప్రకటించాడు. ఆ డబ్బాల్లోకి వెళ్ళే డికిన్సన్ రకం నారింజ రంగులో కూడా ఉండదు, మట్టి రంగులో కోలగా ఉంటుంది. మన సంతల్లో దొరికే తియ్య గుమ్మడికి అది దగ్గరి చుట్టం, రెండూ ఒకే జాతి.

అసలు ఆ జాతి పుట్టిందే అమెరికా ఖండాల్లో, మన దగ్గరికి తర్వాత ఓడలెక్కి వచ్చింది అని చెబితే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "సంక్రాంతి దప్పళంలో ముక్క వీళ్ళదేమిటమ్మా?" అన్నారు. మిరపకాయ కూడా అంతే అందామనుకుని మానేశాను, ఒక రోజుకు ఆ మాత్రం చాలు. కానీ మన పిల్లలు పరాయి పండుగల్లో పడి కొట్టుకుపోతున్నారని విందుల్లో ఎవరైనా దిగులుపడితే, నాకు ఈ కాయే గుర్తొస్తుంది. మనమే వాళ్ళ కాయను ముందు తెచ్చుకుని, పులుసు పెట్టుకుని, వాళ్ళదన్న సంగతే మరిచిపోయాం.

చిన్నికి ఈ చరిత్రతో పని లేదు. ట్రాక్టరు వెనక గడ్డి మోపుల మీద కూర్చున్నంతసేపూ నోరు తెరిచి చూసింది, దిగాక దారిలోని కంకర దగ్గర చతికిలబడింది. వందల కాయలుండగా ఒళ్ళంతా పులిపిర్లున్న ఒక చిన్న సొరకాయలాంటిదాన్ని పట్టుకుని వదల్లేదు. ఫోటోలన్నిటిలోనూ వీపే. బురదలో చక్రాలు కూరుకుపోయే పిల్లల బండిని ఇంట్లోనే వదిలేసి, పొద్దున్నే తెరవగానే వెళ్ళి, నిద్రవేళకు ముందే తిరిగి రావాలి. కొత్త తల్లులకు నేను చెప్పగలిగింది ఇంతే.

మా ఆయన ఫోటో కోసం పెద్ద కాయ ఒకటి కొన్నాడు. అత్తయ్యగారు మూలన ఉన్న, ఇక్కడివాళ్ళు మిఠాయికి వాడే చిన్న రకంలో ఒకటి ఏరి తెచ్చారు. తీయగా, దట్టంగా ఉంటుందది.

ఇంటికొచ్చాక అసలు సంగతి మొదలైంది. నిండు గుమ్మడికాయను ఆడవాళ్ళు కోయకూడదని మా ఇళ్ళలో పట్టింపు. మగవాళ్ళు ఒక దెబ్బ వేసి చీలిస్తే, ఆ తర్వాత ఎవరైనా తరుక్కోవచ్చు. గుమ్మడికాయ కొట్టడం బలి ఇవ్వడంతో సమానం కాబట్టి అని పెద్దలు చెబుతారు. అత్తయ్యగారు కత్తిపీట మీద కాయను పెట్టి, "అబ్బాయిని ఒకసారి రమ్మను" అన్నారు. అబ్బాయి మేడ మీద ఆఫీసు ఫోనులో ఉన్నాడు. ఆ ఫోను ఎప్పటికి అవుతుందో దేవుడికే తెలియాలి.

ముగ్గులు, బొమ్మల కొలువు, పప్పుచారులో ముద్ద కలిపే తీరు అన్నీ చిన్నికి అందాలని నాకుంది. ఇది మాత్రం అందక్కర్లేదు. అమెరికాలో ఉన్నామని కాదు, తెనాలిలో ఉన్నా ఇదే అనేదాన్ని, కాకపోతే కాస్త మెల్లగా. పిల్ల పక్కనే నిలబడి చూస్తోంది. కాయ తీసుకుని పెద్ద చాకుతో నడిమికి కోశాను.

అత్తయ్యగారు నా వైపు చూశారు, కాయ వైపు చూశారు. "గింజలు పారెయ్యకు" అన్నారు. అంతే. తర్వాత చిన్నిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పీచులో చెయ్యి పెట్టించి గింజలు తీయించారు. జారిపోయే గింజను రెండు వేళ్ళతో పట్టుకోవడం దానికి ఆటైపోయింది. మోచేతుల దాకా పసుపు గుజ్జు. పులుసు ఒక్క ముద్ద కూడా తినలేదు కానీ, బెల్లం వేసి మగ్గించిన ముక్కలు మాత్రం వరసగా లాగించింది.

పెద్ద కాయ గుమ్మం ముందు మెత్తబడుతోంది. మా డుపేజ్ కౌంటీలో స్కేర్స్ అనే పర్యావరణ సంస్థ హాలోవీన్ వెళ్ళాక వచ్చే శనివారం ఇలాంటి కాయల్ని పగలగొట్టించి ఎరువుకు పంపిస్తుంది. చెత్తకుప్పల్లో కుళ్ళిపోకుండా నేలకు పనికొస్తాయి. అక్కడికి తీసుకెళ్దామంటే అత్తయ్యగారు ఉత్సాహంగా "కుంకుమ భరిణె పట్టుకురానా?" అన్నారు. పగలగొట్టేది మాత్రం చిన్నే అని నేను ముందే చెప్పి ఉంచాను. వచ్చే ఏడు చిన్నరకం రెండు కొంటే చాలని మా ఇద్దరి మాట. మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు.