ఆరూల్‌ని కొరక్కండి, చప్పరించండి

మంగోలియా ఆరూల్‌ని చూసి సుద్దముక్క అనుకునేరు. అది ఎండిన పెరుగు. ముందు పాలు కాచి మీగడ తీసేయాలి; కొవ్వు మిగిలితే నిల్వలో ముక్కవాసన వస్తుంది. తోడుపెట్టి, బాగా పులిశాక మరిగిస్తే విరుగుతుంది. దాన్ని గుడ్డలో మూటకట్టి నీరు కారనిచ్చి, పైన బరువు పెట్టి నొక్కుతారు. ఇక్కడ తొందరపడితే అంతే సంగతులు! పైన చెక్కు కట్టి, లోపల తడి మిగిలి, బూజు పడుతుంది. దారంతో బిళ్లలుగా కోసి, చెక్కపలకల మీద పేర్చి, గెర్ గుడారం కప్పుపైన ఆరబెడతారు. నన్నడిగితే ఎండకంటే గాలిదే అసలు పని. వేసవిలో చేసింది పాలు తగ్గే చలికాలమంతా ఆదుకుంటుంది.

వాళ్లకు తెలుపు శుభం. కొత్త సంవత్సర పండుగ ‘త్సగాన్ సార్’ నాడు, అంతస్తులుగా పేర్చిన బోవ్ రొట్టెల పైన ఆరూల్ ఉండాల్సిందే. ఉప్పు వేసిన పాల టీలో నానేస్తే కాస్త మెత్తబడుతుంది.