ధ్రువణాన్ని పక్కనపెట్టి దిశ ఒక్కటే చదివితే ఏమైంది: నా ప్రిపరేషన్ అనుభవం

గేట్ పరీక్ష ఈసీ (ఎలక్ట్రానిక్స్) సిలబస్‌లో, తరంగం ఏ దిశ నుంచి వస్తోందో కనుక్కోవడానికి వాడే యాంటెన్నా అరేలూ (వరుసగా పెట్టిన యాంటెన్నాలు), తరంగపు విద్యుత్ క్షేత్రం ఎటు ఊగుతుందో చెప్పే ధ్రువణమూ రెండూ ఉన్నా, వాటికి సంబంధమే లేనట్టు విడివిడిగా చదివేయడం మనలో చాలామందికి అలవాటు. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని చదివిన రోజుల్లో నేనూ అదే చేశాను. రాతపరీక్షకు అది సరిపోయింది. అర తరంగదైర్ఘ్యం ఎడంతో ఉన్న రెండు యాంటెన్నాలకు, వాటిని కలిపే గీతకు గీసిన లంబరేఖ నుంచి 30 డిగ్రీల వాలుగా వచ్చే తరంగం 90 డిగ్రీల ఫేజ్ తేడా (ఊగడంలో ముందువెనకల తేడా) ఇస్తుందనీ, ఎడం పూర్తి తరంగదైర్ఘ్యమైతే అది కుడివైపు 30 డిగ్రీలో ఎడమవైపు 30 డిగ్రీలో తేల్చలేమనీ తెలిస్తే మార్కులు వచ్చేస్తాయి.

చిక్కు ఎంటెక్ ఇంటర్వ్యూలో వచ్చింది. అరే అందుకున్న సిగ్నల్‌ల నుంచి దిశను లెక్కగట్టే పద్ధతులైన, ష్మిట్ 1986లో ప్రచురించిన మ్యూజిక్ (MUSIC)నూ, రాయ్, కైలాత్‌ల 1989 నాటి ఎస్ప్రిట్‌నూ ధారాళంగా అప్పజెప్పాను. "తరంగం ధ్రువణం తెలియకపోతే?" అని ఇంటర్వ్యూ చేసినాయన అడిగారు. యాంటెన్నాలన్నీ ఒకేలా ఉంటే ఫేజ్ తేడాలు మారవన్నాను. "మీ డైపోల్ కడ్డీ యాంటెన్నాలన్నీ నిలువుగా ఉండి, విద్యుత్ క్షేత్రం అడ్డంగా ఉంటే?" అన్నారాయన. అప్పుడు కొలవడానికి సిగ్నలే ఉండదు. ఆ సీటు రాలేదు.

విషయం నాకు తాతయ్య ట్రాన్సిస్టర్ దగ్గర అర్థమైంది. 837 కిలోహెర్ట్జ్‌లో విజయవాడ కేంద్రం పెట్టి రేడియోను తిప్పితే, లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ కొస కేంద్రం వైపు ఉన్నప్పుడు శబ్దం సన్నగిల్లుతుంది. కేంద్రం ముందుందో వెనకుందో మాత్రం అది చెప్పదు. రాత్రివేళ దూరపు హైదరాబాద్ కేంద్రంతో ఇదే చేస్తే ఆ చోటు నిలకడగా దొరకదు, ఎందుకంటే పైవాతావరణంలోని అయనోస్ఫియర్ పొర నుంచి తిరిగొచ్చే తరంగం ధ్రువణం మారిపోయి ఉంటుంది. దిశను కనుక్కునే లూప్ (తీగచుట్ట) యాంటెన్నాలను బాధించిన ఈ లోపానికి విరుగుడుగానే ఆడ్‌కాక్ 1919లో నిలువు యాంటెన్నాల జతలతో పేటెంట్ తీసుకున్నాడు.

ఆ తర్వాత, అరేలో ప్రతి స్థానంలోనూ ఒకదానికొకటి లంబంగా రెండు డైపోల్‌లు ఉన్నట్టు ఊహించి లెక్క మొదటినుంచీ చేశాను. ధ్రువణానికి తెలియనివి రెండే: ఆ రెండు డైపోల్‌ల దిశల్లో విద్యుత్ క్షేత్రపు అంశాల పరిమాణాల నిష్పత్తి, వాటి మధ్య ఫేజ్ తేడా. మ్యూజిక్‌లో వీటిని విడిగా వెతకనక్కర్లేదు. ప్రతి దిశకూ రెండు వరుసలు, రెండు నిలువుల మాత్రిక ఒకటి వస్తుంది. దాని కనిష్ఠ ఐగెన్ విలువ (మాత్రిక తన ఐగెన్ వెక్టర్‌ను ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్య) సున్నా దరికి పడిపోయిన చోట దిశ తెలుస్తుంది, ఆ విలువకు చెందిన ఐగెన్ వెక్టరే ధ్రువణాన్ని చెబుతుంది. ఈ ఒక్క మెట్టును మీరు కాగితం మీద చేతితో చేసి చూడండి. సాఫ్ట్‌వేర్‌లో గీసిన గ్రాఫ్ చూస్తే ఇది తలకెక్కదు.

మరుసటి ఏడు వేరేచోట ఇంటర్వ్యూలో ధ్రువణం ఊసే రాలేదు. ఒకే సిగ్నల్ రెండు దారుల్లో వస్తే మ్యూజిక్ ఎందుకు తడబడుతుందని అడిగారు. సిగ్నల్‌ల మధ్య సంబంధాలను చూపే కోవేరియన్స్ మాత్రిక ర్యాంకు (అందులోని స్వతంత్ర వరుసల సంఖ్య) తగ్గుతుందనీ, అరేను చిన్న భాగాలుగా చేసి వాటి సగటు తీసే స్పేషియల్ స్మూతింగ్‌తో దాన్ని తిరిగి రాబట్టవచ్చనీ చెప్పాను.