భీముని కొలను మెట్ల మీద అవ్వ

మే నెలలో నేపాల్‌లోని లుక్లా నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి పోర్టరు లేకుండా నడవాలని మా ఇద్దరి పట్టుదల. 5,364 మీటర్ల ఎత్తుకి మా బరువు మేమే మోసుకుపోవాలి. పార్కులో రౌండ్లు కొడితే చాలదని, ఉగాదికి నాలుగు రోజుల ముందు వెంకటాపురం నుంచి శ్రీశైలం పాత కాలిబాట పట్టాం. పులుల అడవి కదా, శివరాత్రికీ ఉగాదికీ తప్ప అటు వదలరు. నా బ్యాగు పదకొండు కిలోలు, మా ఆయనది పదమూడు.

ఆత్మకూరు నుంచి ఆటోకి నాలుగొందలు గుంజాడు. పండగ రేటట! ఆ మంట నాగలూటి వీరభద్రుడి గుడి దాకా చల్లారలేదు. రెడ్డిరాజులు వేయించారని చెప్పే రాతిమెట్లు ఎక్కుతుంటే అడవంతా ఆకు రాల్చి నిలబడి ఉంది. నీడన్నది లేదు. అక్కడక్కడా మోదుగపూలు మాత్రం నిప్పుల్లా పూశాయి. రాత్రి పెచ్చెరువు అనే మజిలీలో పడుకున్నాం.

మర్నాడు భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు నా కాలివేళ్ళు బొబ్బలెక్కాయి. తొమ్మిది వేలు పోసి కొన్న బూట్లు! ఏడుపొచ్చి మెట్టు మీద కూలబడ్డాను. మా చుట్టూ అంతా కన్నడ జనమే. కొందరు కర్రకాళ్ళ మీద కూడా దిగిపోతున్నారు. అందులోంచి ఒక అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. డెబ్భై దాటి ఉంటాయి. కాళ్ళకు చెప్పుల్లేవు. పాదాలు చూస్తే ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు.

అడక్కుండానే నా సాక్సు లాగేసింది. చిన్న సీసాలోంచి ఆముదం తీసి రాసి, పాత చీర పేలిక చించి వేలు వేలుకీ విడివిడిగా చుట్టింది. మా అమ్మమ్మ కూడా ఇలాగే అడక్కుండా కాలు ఒళ్ళోకి లాక్కునేది. తర్వాత కరకరలాడే జొన్నరొట్టె విరిచి, పల్లీల పొడి వేసి ఇద్దరికీ పెట్టింది. మా బ్యాగుల్లో ఎనర్జీ బార్లున్నాయి. ఒకటి ఇస్తే కొరికి, తల ఊపి, మిగతాది కొంగున కట్టుకుంది.

ఆవిడ మూటలో ఏముందని సైగ చేసి అడిగాను. విప్పింది. ఆకుపచ్చ చీర, గాజులు, పసుపు కుంకుమ, ఒడిబియ్యం. భ్రమరాంబకట. "మగళు, మగళు" అంది. కన్నడంలో కూతురని, ఆ మాట మాకూ తెలిసింది. వాళ్ళకి అమ్మవారు ఇంటి ఆడపిల్ల, మల్లన్న అల్లుడు.

రెండు జతల బట్టలు, దుప్పటి, తిండి, కూతురి సారె. ఆవిడ బరువంతా అదే. మా ఆయన అక్కడే కూర్చుని బ్యాగు బోర్లించి, ఏమేం లేకుండా పోవచ్చో ఒక్కొక్కటే పక్కన పెట్టడం మొదలెట్టాడు. స్టవ్వు, రెండో జాకెట్టు, మూడో జత బట్టలు... లుక్లాకి అవి రావు.

పైకి ఎక్కే మెట్లు మొదలవగానే అవ్వ లేచింది. చీర ఉన్న మూట నా చేతికిచ్చి, ఆ మెట్ల పైన ఉండే కైలాసద్వారం దాకా నన్నే మోయమంది.