బేస్‌మెంట్‌లో కాజీపేట జంక్షన్

మా ఆయనది జమ్మికుంట, నాది కాజీపేట. రెండూ ఒకే లైను మీది ఊళ్ళు. కానీ ఆ లైనును ఆయన చూసింది ప్లాట్‌ఫారం మీద నిలబడి, నేను చూసింది రైల్వే క్వార్టర్ల నుంచి. ఆయనకు రైలంటే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్, కిటికీ సీటు, సికింద్రాబాద్‌లో మేనమామ ఇల్లు. మాకు రైలంటే డ్యూటీ. బాపు లోకో పైలట్. అప్పట్లో డ్రైవర్ అనే అనేవాళ్ళం. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొడితే బాపు లేచి కాల్ బుక్కులో సంతకం పెట్టేవాడు, అమ్మ వంటింట్లో లైటేసి డబ్బా కట్టేది, మేం దుప్పటి మొహం మీదికి లాక్కునేవాళ్ళం. దసరాకు బాపు ఇంట్లో ఉంటాడో, బల్లార్షాలో డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో ఉంటాడో పండుగ నాటి పొద్దుటి దాకా తెలిసేది కాదు.

అందుకే ఒహాయోలో ఇల్లు కొన్న కొత్తలో, బేస్‌మెంట్‌లో రైళ్ళు పెట్టుకుంటానని మా ఆయన అన్నప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. ఒక ఇంజను ఖరీదు చూశాక కోపమొచ్చింది. పైగా వాటిని బొమ్మలు అనకూడదట, మోడల్ రైల్వే అనాలట.

కొన్నాళ్ళు నేను కిందికి దిగలేదు. దింపింది ఆయన గీసుకున్న మ్యాపు. డైనింగ్ టేబుల్ మీద కాగితం పరిచి ఉంది. జమ్మికుంట నుంచి ఒక గీత వచ్చి, హసన్‌పర్తి దాటి, కాజీపేట అని రాసిన డబ్బా దగ్గర ఆగిపోయింది. జమ్మికుంట వాళ్ళకు కాజీపేట అంటే దిగి బస్సెక్కే చోటు, అంతే. నాకు ఒళ్ళు మండింది. "ట్రయాంగిల్ ఏది?" అన్నాను. "ఏ ట్రయాంగిల్?" అన్నాడు. ఆ రాత్రి గిన్నెలు సింకులోనే ఉన్నాయి.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. కాజీపేటకు మూడు దిక్కుల నుంచి లైన్లొస్తాయి. సికింద్రాబాద్ వైపు నుంచి ఒకటి, బల్లార్షా వైపు నుంచి ఒకటి, వరంగల్ మీదుగా విజయవాడ వైపు నుంచి ఒకటి. నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా వచ్చింది 1886లో. కాజీపేట-బల్లార్షా లైను పూర్తయింది 1929లో. దాంతో మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి కలిసింది. ఆ మూడు లైన్లు ఒకదానితో ఒకటి కలిసి చేసే త్రిభుజమే నేనడిగిన ట్రయాంగిల్. ఢిల్లీ-చెన్నై బండ్లు చాలావరకు దాని మూడో భుజం, అంటే బల్లార్షా-వరంగల్ మధ్య నేరుగా పోయే లైను మీద నుంచే పోతాయి. అవి వరంగల్‌లో ఆగుతాయి గానీ కాజీపేట ప్లాట్‌ఫారం ముట్టుకోవు. చిన్నప్పుడు మాకది పెద్ద అవమానం. ఢిల్లీ-చెన్నై గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, అదే జీటీ, మా క్వార్టర్లకు వినబడేది గానీ మా స్టేషన్‌కు వచ్చేది కాదు.

అట్లా మొదలైంది. ఆయన పట్టాలు పరచడం, వైర్లు సోల్డర్ చేయడం, నేను ఊరు కట్టడం. అంతకుముందు మా ఇద్దరి మధ్య మాటలంటే ఎవరు డ్రాప్, ఎవరు పికప్, పాలు అయిపోయాయా, కార్ ఇన్సూరెన్స్ కట్టావా, ఇవే. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక కిందికి పోయి లోకో షెడ్ ఏ వైపు ఉండాలని పోట్లాడుకునేవాళ్ళం. పిల్లల కోసం చేశామని అబద్ధం చెప్పను. వాళ్ళను రమ్మని కూడా అనలేదు. వేడిగా ఉంటుంది, సోల్డరింగ్ ముట్టుకోవద్దు అని పైకి తరిమేవాళ్ళం. తరిమితే ఆగుతారా?

మా స్కేలు హెచ్‌ఓ, అంటే అసలు కొలతలో 87వ వంతు. 87వ వంతయినా కాజీపేట నుంచి వరంగల్‌కు ఉన్న దాదాపు 10 కిలోమీటర్లు 115 మీటర్లవుతుంది. అంటే మా గోడ పగలగొట్టి, పక్కింటి వాళ్ళ పెరడు దాటి, వీధి మలుపు దాకా పోవాలి. రామగుండం నుంచి వచ్చే బొగ్గు గూడ్సుకు 58 వ్యాగన్లు పెడితే అదొక్కటే 7 మీటర్లు. కాబట్టి వరంగల్ స్టేషన్ దగ్గరికి జరిగింది, గూడ్సు పదీ పన్నెండు డబ్బాలకు కుదించుకుంది. ఇందులో మా ఆయనకు ఒప్పుకోలు తక్కువ. ప్రతి కోతకూ బాధపడతాడు. నాకు బాధ లేదు. ఊరు దాటొచ్చిన వాళ్ళం ఎట్లాగూ ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో ఎంచుకుంటూనే ఉంటాం.

మూడో భుజం కలిపిన రాత్రి ఏమైందంటే, చివరి ముక్క బిగించి స్విచ్ వేయగానే పట్టాలకు కరెంటు ఇచ్చే కంట్రోలర్ కీచుమని అరిచి ఆగిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ ఆగింది. ఏ రెండు భుజాలున్నా నడుస్తుంది, మూడూ కలిస్తే షార్ట్ సర్క్యూట్. మా ఆయన పట్టాల కింద పడుకుని వైర్లు ఒక్కొక్కటే పీకి చూస్తున్నాడు. మెట్ల మీద కూచుని చూస్తున్న అమ్మాయి (అప్పుడు ఏడో క్లాసు) ఎరుపు, నీలం పెన్సిళ్ళు తెచ్చి కాగితం మీద గీసింది. ఈ బండ్లకు కరెంటు రెండు పట్టాల నుంచే వస్తుంది, ఆ రెండూ తాకకూడదు. ఎడమ పట్టా ఎరుపు, కుడి పట్టా నీలం. సికింద్రాబాద్ నుంచి బయల్దేరి రంగు మార్చకుండా త్రిభుజం చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎరుపు పోయి నీలాన్ని తాకింది. "నాన్నా, వైర్లలో ఏం లేదు, షేపే అట్లుంది" అంది.

నిజమే. త్రిభుజం బండిని వెనక్కి తిప్పగలదు, ఆ గుణమే రెండు పట్టాల కరెంటుకు గిట్టదు. మందు ఏంటంటే, ఒక భుజంలో రెండు చివర్లా పట్టాలను కోసి, సందులో ప్లాస్టిక్ పెట్టి, ఆ ముక్కకు వేరే కరెంటు ఇవ్వాలి. బండి అందులోకి రాగానే కరెంటు దిశ తనంతట తానే మార్చే చిన్న బోర్డు దొరుకుతుంది. కోసే ముక్క మాత్రం బండి కంటే పొడవుండాలి. ఏ భుజం కోయాలి? ఇది ఇంజనీరింగ్ ప్రశ్న కాదు, కాజీపేట ప్రశ్న. బాపుకు వీడియో కాల్ చేశాం.

బాపుకు షార్ట్ సర్క్యూట్ సంగతి పట్టలేదు. ఫోన్ తెరలో పైనుంచి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడు దిక్కులు ఒక్కసారి ఎన్నడు చూడలే బిడ్డా" అన్నాడు. సర్వీసంతా నడిపినవాడు. క్యాబ్‌లోంచి ఎప్పుడూ ముందరి సిగ్నలే కదా. ఇంకాసేపు చూసి, "పట్టాలు సన్నగున్నయి. గేజీ తక్కువ బెట్టిండ్రు" అని పట్టేశాడు. మా ఆయన మొహం మాడిపోయింది, ఎందుకంటే అదే ఆయన దాచిపెట్టుకున్న దిగులు. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, అమెరికా గేజ్ 1435. దుకాణాల్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్ల వెడల్పుతో అమెరికా గేజ్‌కు సరిపోతుంది. కాజీపేటకు సరిగ్గా కట్టాలంటే 19 పైచిలుకు కావాలి, ప్రతి పట్టా, ప్రతి చక్రం చేత్తో చేసుకోవాలి. "అయితే అమెరికాకొచ్చినంక కాజీపేట గూడ సన్నబడ్డదా?" అని బాపు నవ్వాడు. కోయాల్సిన భుజం గురించి మాత్రం చివర్లో చెప్పాడు, వరంగల్-బల్లార్షా మధ్య నేరుగా పోయేదే కోయమని. జీటీ మీద ఆయనకూ పాత కోపమే ఉందేమో, తెలీదు.

ఆ కాల్ తర్వాత పిల్లలు మమ్మల్ని అడగడం మానేసి నేరుగా తాతకే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు ఇండియా ఫోన్ అంటే "హాయ్ తాతా, బాగున్నా, తిన్నా" అని మూడు ముక్కలు చెప్పి నాకు ఇచ్చేసేవాళ్ళు. ఆదివారం తెలుగు క్లాసు మంచిదే, మేం మానిపించలేదు. కానీ అక్కడ నేర్చిన తెలుగుతో ఎవరితో ఏం మాట్లాడాలో పిల్లలకు తెలియదు. ఇప్పుడు ఔటర్ సిగ్నల్ ఎక్కడ పెట్టాలో కనుక్కోవాలి, గార్డు డబ్బా రంగు తెలుసుకోవాలి. పని పడింది. నా అనుభవంలో ఇంకోటి, "మా ఊళ్ళో అయితేనా" అని మేం గొప్పలు మొదలుపెడితే పిల్లలు లేచి పోయేవాళ్ళు. మేమిద్దరం అదే ఊరి గురించి గొడవ పడుతుంటే మెట్ల మీద కూచుని వినేవాళ్ళు.

ఊరు కట్టడంలో చెట్లు పెద్ద తిప్పలు. ఇక్కడి హాబీ షాపులో దేవదారులుంటాయి, ఎర్రబడ్డ మేపుల్ ఉంటుంది. తాటిచెట్టు ఎవడమ్ముతాడు? రాగి తీగలు మెలిపెట్టి, పచ్చ కాగితాన్ని విసనకర్రలా మడిచి కత్తిరించి అంటించాం. మడికొండ మెట్టుగుట్ట రాళ్ళు ప్లాస్టర్‌తో పోసి ఒకదాని మీద ఒకటి పేర్చాను, వాటికి మాత్రం నాకు బాగా పేరొచ్చింది.

మనుషుల దగ్గర ఆగిపోయాం. ఈ స్కేలులో మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. పెట్టెలో వస్తారు, ఓవర్‌కోట్లు, హ్యాట్లు, చేతిలో బ్రీఫ్‌కేసు. అందరూ తెల్లగా. అమ్మాయి పెట్టె విప్పి, ఒక్కొక్కరినీ చిమటాతో పైకెత్తి చూసి, "వీళ్ళలో మనవాళ్ళు ఎవరూ లేరు కదా" అంది. మామూలుగానే అంది, ఫిర్యాదుగా కాదు. నాకే ఏం జవాబివ్వాలో తోచలేదు. అది మాత్రం రంగులు ముందరేసుకుని కూచుంది. గోధుమ రంగు ఒక్కటి చాలదంది. తాతకు ఒకటి, అమ్మమ్మకు ఒకటి, నాన్నకు ఇంకాస్త నలుపు కలిపి, నాకు వేరే. నలుగురికీ నాలుగు రంగులు ప్లేటు మీద కలిపి, మా ఇద్దరివీ మా చేతుల పక్కన పెట్టి సరిచూసుకుంది. ఓవర్‌కోట్లు గీకేసి, టిష్యూ కాగితాన్ని జిగురులో తడిపి చీరలు చుట్టింది. బ్రీఫ్‌కేసు ఒకటి కోసి తట్ట చేస్తే, తట్టలో సీతాఫలాలకు ఆవాలు పెట్టాం. బడిలో ఏదో బొమ్మ గీసేటప్పుడు తనను తాను లేత రంగులో వేసుకునే పిల్ల ఇది. ఇప్పుడూ వేసుకుంటుందా అని నేను అడగలేదు. అడిగితే ఈ రంగులు కలపడం మానేస్తుందని భయం.

అమ్మ మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే, "మన క్వార్టరేది?" చిన్నోడు అట్టముక్కతో కట్టాడు. లోపల బల్బు పెడతాను, ఏ గదిలో వెలగాలి అని అడిగితే వంటిల్లు అన్నాను.

చిన్నోడితోనే అసలు యుద్ధం వచ్చింది. మా ఇంటికి దగ్గర్లో సీఎస్‌ఎక్స్ అనే అమెరికా రైల్వే కంపెనీ గూడ్సు పోతుంది, కంటైనర్ల మీద కంటైనర్లు, రెండంతస్తులు. వాడు చిన్నప్పటి నుంచి చూసే రైలు అదే. పుట్టినరోజుకు అదే కొనుక్కున్నాడు, కాజీపేటలో నడపాలన్నాడు. మా ఆయన ససేమిరా అన్నాడు. ఇంజన్ల విషయంలో ఆయన మరీ చాదస్తం. మన ఇంజన్ల మోడళ్ళు ఇక్కడి షాపుల్లో దొరకవని, లైబ్రరీలో 3డి ప్రింటర్ మీద డబ్ల్యూఏజీ-9 అనే మన కరెంటు గూడ్సు ఇంజను పైడొప్ప ముద్రించుకుని, అమెరికా ఇంజను చట్రం మీద కూర్చోబెట్టి, వారాల తరబడి రంగేసినవాడు. "కాజీపేటలో సీఎస్‌ఎక్స్ ఏంది?" అన్నాడు. వాడు, "నేను ఉన్నా కదా ఇక్కడ" అన్నాడు. నేను వాడి పక్షం తీసుకున్నాను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

కేసు తాత కోర్టుకు పోయింది. బాపు అంతా విని అల్లుడిని పిలిచి, "నేను ఏండ్లకేండ్లు నడిపిన డీజిలింజను ఎక్కడిదనుకున్నవ్? ఆల్కో. అమెరికాదే గదా" అన్నాడు. డబ్ల్యూడీఎం-2 సంగతది. 1962లో న్యూయార్క్ రాష్ట్రం షెనెక్టడీలోని ఆల్కో కంపెనీ నుంచి మొదటి ఇంజన్లు వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోనే తయారు చేశారు. 2600 హార్స్ పవర్. కాజీపేట డీజిల్ షెడ్ వాటితోనే బతికింది. మా ఆయనకు ఇది తెలియక కాదు, మామగారి నోట వినేసరికి ఎదురు చెప్పలేకపోయాడు. అయినా చివరి అస్త్రం వేశాడు, "ఇంజను సరే, రెండంతస్తుల డబ్బాలు కరెంటు తీగలకు తగుల్తాయి." ఇందులో ఆయన మాట కరెక్టే. మన మామూలు తీగల ఎత్తు కింద అవి పట్టవు. చిన్నోడు ఒక రోజంతా ఆలోచించి, తీగలు మొదలయ్యే చోటికి ముందు ఒక యార్డు కట్టాడు. బండి అక్కడ ఆగుతుంది, వాడు చేత్తో పై కంటైనర్లన్నీ దింపుతాడు, కింది వరసతో బండి కాజీపేటలోకి వస్తుంది. తిరిగి పోయేటప్పుడు మళ్ళీ ఎక్కిస్తాడు. చూడ్డానికి నాకు విసుగు, వాడికి లేదు.

పోయిన ఎండాకాలం కాజీపేట పోయినప్పుడు ఇద్దరినీ బాపు ఫాతిమానగర్ బ్రిడ్జి మీదికి తీసుకుపోయాడు. అంతకుముందు ట్రిప్పుల్లో వేడి, దోమలు, వైఫై అని సణిగినవాళ్ళే. ఈసారీ సణిగారు, తగ్గలేదు. కానీ మధ్యలో అమ్మాయి లోకో షెడ్ ఏ వైపో వేలు పెట్టి చూపించి, మేం బేస్‌మెంట్‌లో తప్పు వైపు పెట్టలేదని వాళ్ళ నాన్నకు మెసేజ్ పెట్టింది. ఆ విషయంలో గెలిచింది నేనే, అది రాయకుండా ఉండలేను.

ఇప్పుడు లైను రామగుండం దగ్గర ఆగి ఉంది. గోదావరి దాటించి మంచిర్యాల దాకా తీసుకుపోవాలని మా ఆయన పట్టు. బ్రిడ్జి రావాల్సిన చోట వాషింగ్ మెషీన్ ఉంది. దాన్ని జరపాలంటున్నాడు. జరగదన్నాను. మెషీన్ మీదుగానే బ్రిడ్జి వేద్దాం, బట్టలు వేసేటప్పుడు ఎత్తి పక్కన పెడదాం అని అమ్మాయి బొమ్మ గీసింది. "గోదావరి మీద బ్రిడ్జి ఎత్తితే బొగ్గు ఎట్ల పోతది?" అని బాపు ఫోన్‌లో గట్టిగానే అడిగాడు. సోమవారం, గురువారం బట్టలు, ఆ రెండు రోజులు లైన్ బ్లాక్ అని చిన్నోడూ తాతా కలిసి టైం టేబుల్ రాసేశారు. మా ఆయన నిన్ననే పోయి కబ్జాలు, బోల్టులు కొనుక్కొచ్చాడు. సోమవారం సరే గానీ, గురువారం నాకు కుదరదని ఇంకా ఎవరికీ చెప్పలేదు.