తేమ సెన్సరు ఏది కొనాలి? మా మామ షెడ్డులో తేలిన సంగతి

పలమనేరు దగ్గర మా మేనమామకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. తేమ చూడటానికి ఆయన దగ్గర ఉన్నది గోడకు వేలాడే తడి, పొడి బల్బుల థర్మామీటరు ఒక్కటే. దాని గుడ్డ ఎండిపోతే అది చెప్పే లెక్క అంతా తప్పే. "కంప్యూటర్లు చదువుతుండావు గదరా, ఫోన్లో కనపడేట్టు ఏందన్నా చెయ్" అన్నాడు. అలా ఈఎస్‌పీ32 అనే, వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డుతో నా మొదటి ప్రాజెక్టు మొదలైంది.

అందరూ వాడే నీలం రంగు తేమ సెన్సరు డీహెచ్‌టీ11 తెచ్చాను. తిరుపతిలో నా గదిలో 58, 60 అని చూపిస్తుంటే మురిసిపోయాను కూడా. షెడ్డులో కథ వేరు. చాకీ పురుగులకు, అంటే రెండో జ్వరం (పురుగు మేత మాని పొర విడిచే దశ) దాటేదాకా, 80 నుంచి 90 శాతం తేమ కావాలి, పెద్దవయ్యాక 70 చాలు. ఈ సెన్సరు కొలిచేదేమో 20 నుంచి 80 వరకు, కొన్ని డేటాషీట్లలో 90 అని ఉంటుంది, అదీ 5 శాతం అటూ ఇటూగా. మామకు కచ్చితంగా తెలియాల్సిన చోటే దాని హద్దు అయిపోతోంది. నిజంగా 85 ఉన్నప్పుడు అది 80 అంటే ఆయన పోయి ఇంకా గోనెపట్టాలు తడుపుతాడు!

తర్వాత ఉష్ణోగ్రత, పీడనం, తేమ మూడూ కొలిచే బీఎంఈ280 అని రాసి ఉన్నదాన్ని ఆన్‌లైన్లో తెప్పించాను. ఉష్ణోగ్రత వస్తోంది, గాలి పీడనం వస్తోంది, తేమ మాత్రం రాదు. రెండు రోజులు నా కోడ్‌నే తిట్టుకుని, చివరికి చిప్ ఐడీ, అంటే చిప్ తానేదో చెప్పే నంబరు, కోడ్‌తో చదివితే హెక్స్‌లో (16 అంకెల లెక్కలో) 58 అని వచ్చింది. బీఎంఈ అయితే 60 రావాలి. 58 అంటే అది బీఎంపీ280, చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ దీనికి తేమ కొలిచే భాగమే ఉండదు. కొన్న రోజే ఆ నంబరు చదివి చూసుకోండి.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది ఎస్‌హెచ్‌టీ31. 0 నుంచి 100 దాకా కొలుస్తుంది, తేడా 2 శాతం దగ్గర. డబ్బులు చూసుకుంటే తెల్లటి డీహెచ్‌టీ22 కూడా మొదటి ప్రాజెక్టుకు చాలు, కాకపోతే రెండు సెకన్లకు ఒక్కసారే చదవాలి. తేమ నిమిషానికోసారి చూసినా ఎక్కువే కాబట్టి అదేం లోటు కాదు.

ఏది కొన్నా ఉప్పుతో పరీక్ష పెట్టండి. సీసా మూతలో వంట ఉప్పు వేసి, ముద్దలా తడిసేలా నాలుగు చుక్కల నీళ్ళు పోసి, సెన్సరుతో పాటు జిప్ కవర్లో మూసి రాత్రంతా వదిలేస్తే లోపలి తేమ 75 దగ్గర నిలుస్తుంది. నాకు ఎస్‌హెచ్‌టీ31 76 చూపించింది, డీహెచ్‌టీ11 69 దగ్గరే ఆగింది.

ఇంకో పొరపాటు కూడా చేశాను. బోర్డునూ సెన్సరునూ ఒకే డబ్బాలో పెట్టాను, బోర్డు వేడికి లోపలి గాలి వేడెక్కి తేమ తక్కువగా చూపించేది. ఇప్పుడు సెన్సరు బయట వేలాడుతోంది, చిన్న వైరే, ఎందుకంటే సెన్సరూ బోర్డూ మాట్లాడుకునే ఐ టూ సీ పద్ధతి పొడుగు వైర్ల మీద మొరాయిస్తుంది. పురుగుల మీద చల్లే సున్నం దుమ్ము, షెడ్డు శుభ్రం చేసేటప్పటి బ్లీచింగ్ ఘాటు కూడా సెన్సరుకు పడవు. అందుకని ఆ రోజు మొత్తం ఊడదీసి ఇంట్లో ప్లగ్గుకు పెట్టమని అత్తకు చెప్పాను. పంటకూ పంటకూ మధ్య నా ఫోన్లో కనిపించేది ఆమె వంటింటి తేమే.