గంటలో పనిచేసే మూలిక: నా అనుభవం

అనంతపురంలో గోడల మీద ఆ పోస్టర్లు చూడని మగవాడుండడు. ఫలానా లాడ్జి, ఫలానా రూమ్, మగవాళ్ల సమస్యలన్నీ గ్యారంటీగా నయం. 1954 నాటి చట్టం ప్రకారం అలాంటి ప్రకటన ఇవ్వడమే నేరం. అయినా ఎవరు చింపుతారు?

నా స్తంభన సమస్య, అంటే అంగం సరిగా గట్టిపడకపోవడం, తెలిసి మా తోడల్లుడు అక్కడే కొన్న గుళికల డబ్బా నా చేతిలో పెట్టాడు. "గంటలో పనిచేస్తాదన్నా, అంతా మూలికలే" అన్నాడు. ఆ గంట మాటకే, ఇందులో ఇంగ్లిష్ మందేదో కలిపారని నాకు అనుమానమొచ్చింది. 2007 నుంచి 2016 దాకా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బయటపెట్టిన, చెప్పకుండా మందులు కలిపిన 776 సప్లిమెంట్లలో సగానికి దగ్గరగా ఇలాంటి మగతనం గుళికలే. వాటిలో ఎక్కువగా దొరికింది సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా మందు. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడేవాళ్లు తెలియక అది మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డబ్బా మూత తీయలేదు.

మరి అసలు మూలికల సంగతేంటని వెతికాను. మా జిల్లాలో పొలాల్లో వేసే పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, కాస్త నయం. 2013లో వీర్యకణాలు తక్కువున్న 46 మంది మీద చేసిన ట్రయల్‌లో, రోజుకు 675 మిల్లీగ్రాముల సారం 90 రోజులు వాడినవాళ్లకు కణాల సంఖ్య 167 శాతం పెరిగింది. చిన్న ట్రయలే. పైగా అది పిల్లల కోసం చూసేవాళ్ల సంగతి, నాది స్తంభన సమస్య. పల్లేరు కాయతో టెస్టోస్టిరాన్ పెరుగుతుందన్నది మనుషుల మీద చేసిన పరీక్షల్లో చాలావరకు తేలలేదు. జిన్‌సెంగ్ వల్ల స్తంభనలో వచ్చే తేడా నామమాత్రమేనని అప్పటిదాకా జరిగిన ట్రయల్స్‌ని కలిపి చూసిన 2021 కాక్రేన్ సమీక్ష చెప్పింది.

చివరికి డాక్టరు దగ్గరికే వెళ్లాను. "పొద్దున నిద్ర లేచేటప్పుడు గట్టిపడుతుందా?" అని మామూలుగా అడిగేశాడాయన. ఫ్యాన్ వైపు చూస్తూ "లేద్సార్" అన్నాను. మనసులో టెన్షన్ ఒక్కటే అయితే పొద్దుటివి సాధారణంగా పోవట. టెస్టోస్టిరాన్ పొద్దునే ఎక్కువుంటుందని పదిలోపు రక్తం ఇమ్మన్నారు. అది బాగానే ఉంది. రెండు మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ మాత్రం 8.4, ఎక్కువే. షుగరు నరాల్ని, రక్తనాళాల్ని రెండింటినీ తింటుందన్నారు.

అశ్వగంధ కూడా వేసుకోవచ్చా అంటే, లివరు దెబ్బతిన్న కేసులున్నాయి, షుగరు మాత్రలతో కలిస్తే షుగరు మరీ దిగొచ్చు, ఇప్పుడొద్దన్నారు. షుగరు అదుపులోకొచ్చాక కొంత మెరుగైంది. మిగతాదానికి ఈసీజీ చూసి సిల్డెనాఫిలే రాశారు. బిర్యానీ తిన్న వెంటనే వేసుకుంటే ఆలస్యమవుతుందని, కోరిక లేకుండా మాత్రొక్కటే ఏమీ చేయదని చెప్పి పంపారు.