అక్క అడిగిన ప్రశ్న

మా అక్కని మేనత్త కొడుక్కే ఇచ్చారు. పాలకొల్లు దగ్గర ఊరు, పెరటి వెనకే కాలువ. మొదటి బాబు ఎనిమిదో నెల దాకా బాగానే ఉన్నాడు. బోర్లా పడ్డాడు, ఊ కొట్టేవాడు. ఒక జ్వరం వచ్చి తగ్గాక మెడ నిలపడం మానేశాడు. పాలు మింగలేకపోయేవాడు. రెండో ఏడు నిండకుండానే పోయాడు. తర్వాత పుట్టిన పాపకి ఏమీ కాలేదు. మూడో కాన్పులో మళ్లీ బాబు. వాడికీ అదే వరస.

ఒకరోజు మేనత్త వాకిట్లో అందరూ వింటుండగా అంది, "మా ఇంట్లో ఇలాంటిది ఎప్పుడూ లేదు. ఇది దీని కడుపులోంచి వచ్చిందే." అక్క తలెత్తలేదు, కొబ్బరి కోరుతూనే ఉంది. నాకప్పుడు 17 ఏళ్లు. ఆ కోరాం చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

కాకినాడలో బీఎస్సీ, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాతోనే గడిచాయి. కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుక్కున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు భీమవరంలో పుట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. భీమవరం అక్క ఊరికి దగ్గరే. పాఠం చెప్పేటప్పుడు ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ఏటీపీ ఎలా తయారవుతుందో చెప్పడానికి నాకు మా కాలువ లాకులే గుర్తొస్తాయి. తలుపుల వెనక నీళ్లు ఎత్తులో నిలబడతాయి, వదిలితే దిగువకి దూకుతాయి. మైటోకాండ్రియా లోపలి పొర ప్రోటాన్లని అలాగే ఒక పక్క పోగేస్తుంది. అవి దిగే దారిలో ఒక ప్రోటీన్ చక్రంలా తిరుగుతూ ఏటీపీని తయారు చేస్తుంది. ప్రోటాన్ల సంగతి 1961లో పీటర్ మిచెల్ చెబితే చాలామంది ఏళ్ల తరబడి నమ్మలేదు. 1978లో ఆయనకి నోబెల్ ఇచ్చారు.

మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉంది, అది తల్లి నుంచే వస్తుంది. అందులో మార్పుల వల్ల జబ్బులొస్తాయని 1988లో తేలింది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అత్త అన్నది నిజమేనా అని. కానీ ఆ డీఎన్ఏలో ఉన్నవి 37 జన్యువులే. మైటోకాండ్రియాకి కావలసిన ప్రోటీన్లు వెయ్యికి పైగా. మిగతా వాటి జన్యువులన్నీ కేంద్రకంలో ఉంటాయి, అవి తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తాయి. పసిపిల్లల మెదడుని దెబ్బతీసే లే సిండ్రోమ్ అనే జబ్బుకి సర్ఫ్1 అనే జన్యువులో మార్పులు ఒక కారణమని 1998లో బయటపడింది. మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ని వాడుకునే చివరి యంత్రాన్ని కూర్చడానికి అది కావాలి. ఆ సంగతి చెప్పిన వ్యాసంలో రాసిన లక్షణాలు చదువుతుంటే మా పిల్లలే కనిపించారు.

అక్క, బావ ఒప్పుకుని రక్తం ఇచ్చింది 2017 సంక్రాంతికి. ఇద్దరిలోనూ సర్ఫ్1లో ఒకే మార్పు, ఒక్కో కాపీలో. నేనూ పరీక్ష చేయించుకున్నాను, నాలోనూ ఉంది. అంటే మా తాత, నానమ్మల్లో ఒకరి నుంచి మా నాన్నకీ, మేనత్తకీ వచ్చి, వాళ్ల ద్వారా అక్కకీ బావకీ చేరింది. ఒక్క కాపీలోనే మార్పు ఉన్నవాళ్లకి జబ్బు రాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన కాపీలే వస్తే బిడ్డకి వస్తుంది, అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇప్పుడైతే మార్పు తెలిసిన కుటుంబానికి గర్భం పదకొండు, పన్నెండు వారాలప్పుడే పరీక్ష చేసి చెప్పగలం.

పెరట్లో కూర్చోబెట్టి, కాగితం మీద గీసి అక్కకి ఇదంతా చెప్పాను. నీ ఒక్కదాని వల్ల కాదు, బావ వైపూ ఉంది, అత్తలోనూ ఉండి ఉండాలి అన్నాను. ముప్ఫై ఏళ్లు ఆ ఒక్క మాట చెప్పడానికే చదివాననుకున్నాను. అక్క విన్నది. "అత్తకి ఎనభై దాటాయి, ఆవిడకి చెప్పకు" అంది.

తర్వాత చాలాసేపటికి అడిగింది.

"పెద్దాడికి జ్వరం వచ్చిన ముందు రోజు తలంటు పోశానే. ఆ రోజు వాన. పోయకుండా ఉంటే?"

ఈ ప్రశ్న ఇన్నేళ్లూ అక్క లోపల ఉందని నాకు తెలియదు. జ్వరం వస్తే ఒంటికి శక్తి ఎక్కువ కావాలని, వాడి మెదడుకి అది అందలేదని చెప్పాను. "తలంటు వల్ల కాదక్కా. ఆ జ్వరం కాకపోతే ఇంకోటి. పోయకపోయినా వచ్చేదే."

ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.